అరటి గింజ మొలుస్తదా, మంచుల బతుకుతదా?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది హాలియా. మా బిడ్డ, అల్లుడు న్యూజెర్సీ ఎడిసన్‌ల ఇల్లు కొనుక్కున్నరు, ఇంటెనుక జాగ మంచిగనే ఉన్నది. పండుగపూట అరటాకుల బువ్వ తినాలని బిడ్డకు మస్తు ఇష్టం. ఆన్‌లైన్ల చక్రకేళి గింజలని ప్యాకెట్ తెప్పించి కుండీల పెట్టింది, రెండు నెలలైనా ఒక్కటి మొలుస్తలేదు. నేను పోయేటప్పుడు మన పెరట్ల పిలక ఒకటి తీసుకపోత అంటే వద్దంటున్నది. అక్కడ మంచు పడ్తదట కదా, చెట్టు బతుకుతదా?
– ఓ అమ్మ, హాలియా

జవాబు: అక్కా, ముందుగాల పిలక ముచ్చట. బిడ్డ చెప్పిందే కరెక్ట్, తీసుకపోవద్దు. పర్మిట్, మొక్కకు రోగం లేదన్న సర్టిఫికెట్ లేకుండ మొక్కలు పట్టుకొని దిగితే ఎయిర్‌పోర్టుల గుంజుకుంటరు, ఫైన్ కూడ పడొచ్చు. అది వట్టి రూల్ కోసం పెట్టిన రూల్ కాదు. పనామా తెగులు, బంచీ టాప్ వైరస్ లాంటి అరటి రోగాలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎక్కువగ పిలకలతోనే దాటినయి, పైకి పచ్చగ కనిపించే పిలకల కూడ ఉండొచ్చు.

ఇగ గింజలు. చక్రకేళి గింజలని ఎవడన్న అమ్మితే అది మోసమే. మనం తినే చక్రకేళి, అమృతపాణి, జీ-9 వీటికి గింజలే ఉండయి, పిలకతోని లేకుంటే టిష్యూ కల్చర్ (ల్యాబుల పెంచిన) మొక్కతోనే వస్తయి. నీలం అరటి గింజలు, రంగురంగుల అరటి గింజలు అని ఫొటోలు పెట్టి అమ్మేటోళ్ళ దగ్గర అసలే కొనొద్దని చెప్పు. గింజతోని నిజంగ పెరిగేవి అడవి రకాలు. మ్యూసా వెల్యుటినా అని ఉంటది, మన ఈశాన్య రాష్ట్రాలది, గులాబీ రంగు చిన్న కాయలు, పండినంక తొక్క దానంతటదే విచ్చుకుంటది, కొత్తగ మొదలుపెట్టేటోళ్ళకు ఇదే నయం. సిక్కిం అరటి, అంటే మ్యూసా సిక్కిమెన్సిస్, చలికి ఇంకొంచెం గట్టిది. ఎన్సెటె అని ఇంకో జాతి, చూస్తే అరటి లెక్కనే ఉంటది గని పిలకలు పెట్టదు, ఒక్కసారి గెల వేసి చచ్చిపోతది.

అసలు అరటి గింజను చేతిల పట్టుకొని చూస్తే ఎందుకు మొలుస్తలేదో సగం అర్థమైతది. బఠాణీ అంత ఉంటది, నల్లగ, మూలలు మూలలుగ, గోరు దిగదు, పన్ను పెడితే పన్నే పోతది. ఒక దిక్కు చిన్న గుంట ఉంటది, మొలక అక్కడి నుంచే బయటికి రావాలె. అందుకని ఆ గుంటను ముట్టకుండ పక్కన గరుకు కాగితంతోని కొంచెం రుద్ది, గోరువెచ్చని నీళ్ళల్ల ఒకరోజు రెండ్రోజులు నానబెట్టాలె, నీళ్ళు మారుస్తుండాలె. తర్వాత తడి కోకోపీట్‌ల (కొబ్బరి పీచు పొట్టు) ఒక సెంటీమీటర్ లోతు పెట్టి పైన ప్లాస్టిక్ కవర్ కప్పాలె. చాలామంది చేసే తప్పు ఏందంటే ఇరవై నాలుగు గంటలు ఒకటే వేడి ఇస్తరు, అడవిల అట్ల ఉండదు కదా, పగలు 30-35 డిగ్రీలు, రాత్రి 20 లోపుకు దిగితే గింజ నిద్ర లేస్తది. అయినా ఒకటి మూడు వారాలల్ల రావొచ్చు, పక్కదే ఆరు నెలలకు రావొచ్చు, పాత గింజైతే అసలే రాకపోవచ్చు. మట్టి తడిగ ఉండాలె, బురద కావొద్దు.

గింజతోని వచ్చిన పిల్ల మొక్కను మొదటి చలికాలం బయట పెట్టొద్దు, ఇది మాత్రం గట్టిగ చెప్తున్న. దానికి ఇంకా దుంప ఊరలేదు, మంచు పడితే మళ్ళ లేవడానికి లోపల ఏం ఉండదు. అరటికి పైన కనిపించేది కాండం కాదు, ఆకుల మొదళ్ళు ఒకదానిమీద ఒకటి చుట్టుకున్న బోదె. అసలు కాండం మట్టిల ఉన్న దుంపనే. ఆకులు నల్లగైనా, బోదె మెత్తబడి కూలినా, దుంప బతికుంటే ఎండలు వచ్చినంక కొత్త పిలక లేస్తది. కాబట్టి ఎడిసన్‌ల చేసే పనంతా దుంప కోసమే.

ఏండ్లతరబడి బయట్నే ఉండే చెట్టు కావాలంటే మ్యూసా బస్జూ కొనమను. పేరుకు జపాన్ అరటి అంటరు, పుట్టింది దక్షిణ చైనాల. గింజ కాదు, మొక్కనే కొనాలె. కాయ తినేది కాదు, ఆకు కోసమే. మొదటి మంచుకు ఆకులు మాడంగనే కోసేసి, బోదెను నడుమెత్తు ఉంచి, చుట్టూ కోళ్ళ జాలి నిలబెట్టి, లోపల ఎండు ఆకులు, గడ్డి దట్టంగ నింపాలె, చెట్టు మొదలు చుట్టు కూడ అడుగు మందం కప్పాలె. పైన వాన నీళ్ళు దిగకుండ రేకో షీటో పెట్టాలె. పక్కల మాత్రం ప్లాస్టిక్ చుట్టొద్దు, గాలి ఆడక లోపల చెమ్మ పట్టి కుళ్ళిపోతది. చలికి చచ్చే చెట్ల కన్న చలిల తడిసి కుళ్ళే చెట్లే ఎక్కువ. ఏప్రిల్ ఆఖరుకు మంచు భయం పోయినంక కొంచెం కొంచెం తీయాలె.

ఎన్సెటె అయితే తవ్వి తీసుడే. ఆకులు కోసి, ఆకు మొదళ్ళల్ల నిలిచిన నీళ్ళు కారిపోయేదాక కొన్ని రోజులు తలకిందులు నిలబెట్టి, 5-10 డిగ్రీలుండే గ్యారేజీల పొడిగ పెట్టాలె, నీళ్ళు పోసే పనే లేదు. నడుమ నడుమ ముట్టి చూడాలె, మెత్తగైన కాడ కోసేయాలె.

బిడ్డకు నా సలహా అయితే పొట్టి రకం కావెండిష్ (మనం తినే అరటిల ఒక రకం) టిష్యూ మొక్క ఒకటి పెద్ద కుండీల. మే నడుమ నుంచి సెప్టెంబర్ దాక బయట, తర్వాత ఇంట్ల ఎండ తగిలే కిటికీ దగ్గర. చలికాలం అది పెరగదు, అందుకని నీళ్ళు బాగ తగ్గించాలె. హీటర్ గాలికి ఎర్రనల్లి పడ్తది, ఆకు అడుగున తడి బట్టతోని తుడవాలె. గెల మీద ఆశ పెట్టుకోవద్దు గని ఎండాకాలం పండుగలకు ఆకులు మాత్రం దొరుకుతయి.

ప్రశ్న: అరటిపండు అడ్డంగ కోస్తే నడుమ నల్ల చుక్కలు ఉంటయి, అవి గింజలే కదా సార్, నాటితే ఎందుకు మొలవయి?
– డిగ్రీ విద్యార్థి, వనపర్తి

జవాబు: గింజ కావాల్సినవే, కాలేదు తమ్మీ. అడవి అరటికి 22 క్రోమోజోములు, అంటే పదకొండు చొప్పున రెండు సెట్లు. మనం తినే రకాలల్ల ఎక్కువ వాటికి మూడు సెట్లు, 33. మూడు సెట్లను రెండు సమాన వాటాలు చెయ్యలేం కాబట్టి గింజ కట్టదు, కాయ మాత్రం పరాగం లేకున్నా ఊరుతది. గింజలున్న అరటి చూడాలంటే అస్సాం భీమ్‌కల్ చూడు, గింజలు తీసేసి గుజ్జు చంటిపిల్లలకు పెడ్తరు అక్కడ.

ప్రశ్న: మాది జడ్చర్ల. పోయిన చలికాలం జీ-9 గెలలు సగం బయటికి వచ్చి ఆగిపోయినయి, ఆకులు పసుపుబారినయి. ఎరువు తక్కువైందా?
– అరటి రైతు

జవాబు: ఎరువు కన్న ముందు చలిని చూడు అన్నా. మన దగ్గర మంచు పడదు గని డిసెంబర్, జనవరిల రాత్రి 12-13 డిగ్రీలకు దిగుతది, అరటికి అదే ఎక్కువ. పెరుగుడు ఆగుతది, ఆకులు దగ్గరదగ్గరగ వచ్చి గెల గొంతుల ఇరుక్కుంటది. ఆ టైంల గెల రాకుండ నాటుడే మంచి ఉపాయం. జూన్, జులైల టిష్యూ మొక్క నాటితే గెల చలి పోయినంక వస్తది. ఏప్రిల్, మే నాట్లకే ఈ తిప్పలు ఎక్కువ. ఇప్పటికే ఉన్న తోటైతే బాగ చలి ఉన్న రోజులల్ల సాయంత్రంపూట నీళ్ళు పెట్టు, తడి నేల తొందరగ సల్లబడదు. వచ్చిన గెలలకు కవర్లు తొడుగు. గాలి వచ్చే దిక్కు రెండు వరసలు అవిసె చెట్లు వేసుకో, మే నెల వడగాలికి కూడ అదే అడ్డం.