బీడీఎస్ చదివి ఇంట్లో ఉన్నాను... ఆన్‌లైన్ ఎంపీహెచ్ చేయనా?

ప్రశ్న: మాది విజయవాడ. బీడీఎస్ అయ్యాక కనిగిరిలో రెండేళ్లు ఒక క్లినిక్‌లో చేశాను. పెళ్లయ్యాక హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద టెక్సస్‌లోని ఫ్రిస్కోకు వచ్చాను. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి మూడేళ్లు. ఇక్కడ పళ్ల డాక్టరుగా చేయాలంటే మళ్లీ పరీక్షలు, మళ్లీ కాలేజీ. ఈలోగా ఆన్‌లైన్‌లో ఎంపీహెచ్, అంటే పబ్లిక్ హెల్త్ (ప్రజారోగ్యం) మాస్టర్స్ చేద్దామనుకుంటున్నాను. దాంతో స్టూడెంట్ వీసాకు మారిపోవచ్చని ఒకరు, ఆన్‌లైన్ డిగ్రీ దండగని ఇంకొకరు అంటున్నారు. పైగా నాకు లెక్కలంటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఫ్రిస్కో

జవాబు: డాక్టరమ్మా, ముందు వీసా సంగతి తేల్చేద్దాం. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివే కోర్సుకు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) రాదు, ఓపీటీ (ఆ వీసా వాళ్లకు చదివిన రంగంలో కొంతకాలం పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి) కూడా ఉండదు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ క్లాసు, అంటే 3 క్రెడిట్లు మాత్రమే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయి. మీరు హెచ్-4 మీదే హాయిగా చదువుకోవచ్చు. ఉద్యోగానికి మాత్రం ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) కావాలి. అది వచ్చేదీ లేనిదీ మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) మీద ఉంటుంది, అదెంతవరకు వచ్చిందో ఈ రాత్రికే అడగండి. ఇంకొక మాట, ఈ డిగ్రీతో పళ్ల డాక్టరు లైసెన్సు రాదు. ఆ దారి వేరు, ఆ పరీక్షలు వేరు.

ఇక దండగా కాదా అన్న ప్రశ్న. మీ ఉత్తరంలో కనిగిరి అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పళ్ల మీద గోధుమరంగు చారలతో వచ్చిన పిల్లల్ని మీరు ఎంతమందిని చూసుంటారో! తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, గురించి మన దేశంలో 1937లోనే రాశారు, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి. కనిగిరి ఆ రోజుల్లో ఆ జిల్లాలోదే. ఒక పిల్లాడి పన్నుకు మీరు పూత వేసి పంపిస్తారు. నాలుగేళ్లకు వాడి తమ్ముడు అవే చారలతో వస్తాడు. ఇంట్లో తాగేది అదే బోరు నీళ్లు కదా. ఆ బోరు దగ్గర మొదలయ్యేదే ఈ చదువు. మనం పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తీసేయడానికి తిప్పలు పడితే (దాన్నే నల్లగొండ పద్ధతి అంటారు), అమెరికావాళ్లు 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో పళ్లు పుచ్చకుండా కుళాయి నీళ్లలో అదే ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. 2015లో ఇక్కడ సిఫారసు చేసిన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. 2025లో యూటా, ఫ్లోరిడా అసలు కలపడమే ఆపేశాయి. ఎంత అయితే మందు, ఎంత దాటితే జబ్బు అన్న ఈ వాదన మధ్యలోకి మీరు రెండు వైపులా తెలిసిన మనిషిగా వస్తారు. మీ అప్లికేషన్ వ్యాసంలో 'సమాజ సేవ అంటే నాకు ఇష్టం' అని రాయకండి. ఆ పిల్లాడి పళ్ల గురించి రాయండి.

కాలేజీ ఎంపికలో నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. గుంటూరులో మైక్రోబయాలజీ చదివి వచ్చి, 36 ఏళ్ల వయసులో ఇక్కడ చేరాను. ఫీజు తక్కువని, అడ్మిషన్ రెండు రోజుల్లో ఇచ్చారని ఒక కాలేజీకి డబ్బు కట్టేశాను. సగం సెమిస్టరయ్యాక తెలిసింది, ఆ కోర్సుకు సెఫ్ (కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఫర్ పబ్లిక్ హెల్త్) గుర్తింపు లేదని. ఆ డబ్బు పోయినట్టే, క్రెడిట్లు కూడా ఎవరూ తీసుకోలేదు. పబ్లిక్ హెల్త్ కోర్సులకు అమెరికాలో గుర్తింపునిచ్చేది ఆ కౌన్సిలే. కాలేజీ చెప్పింది వినడం కాదు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లోని జాబితాలో మీ కళ్లతో చూసుకోండి. హెచ్-4 వాళ్లకు ఫెడరల్ లోన్లు రావు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో మాత్రం నివాస నిబంధనలకు సరిపోతే మీకూ స్థానికుల ఫీజే, అడిగి చూడండి.

లెక్కలా? ఒక పెళ్లి భోజనం అనుకోండి. పెరుగుపచ్చడి తిన్నవాళ్లు 40 మందిలో 30 మందికి వాంతులు. తిననివాళ్లు 20 మందిలో 5గురికి. అంటే 75 శాతం, 25 శాతం. తిన్నవాళ్లకు ముప్పు మూడు రెట్లు. బయోస్టాటిస్టిక్స్‌లో (ఆరోగ్య గణాంకాలు) మొదటి నెల భయమంతా ఈ నాలుగు గళ్ల పట్టికే: తిన్నవాళ్లు, తిననివాళ్లు; వాంతులైనవాళ్లు, కానివాళ్లు. నేను పిల్లల నోట్‌బుక్ వెనక పేజీల్లో గీసుకుని నేర్చుకున్నాను. తర్వాత రిగ్రెషన్ (చాలా కారణాలను ఒకేసారి లెక్కలోకి తీసుకునే పద్ధతి) కష్టపెడుతుంది, నిజమే. అప్పటికి చెయ్యి తిరుగుతుంది.

ఆన్‌లైన్ అయినా ప్రాక్టికమ్ (కోర్సులో భాగంగా బయట సంస్థలో చేసే పని) తప్పదు. కోర్సు మొత్తం కనీసం 42 క్రెడిట్లు, వాటిలో అసలు విలువ దానిదే. నాది ఒక కౌంటీ ఆరోగ్యశాఖలో. సాల్మొనెల్లా వచ్చినవాళ్లకు ఫోన్ చేసి, గత వారం రోజుల్లో ఏం తిన్నారో అడగాలి. ఒకసారి కూతురిని చూడ్డానికి వచ్చిన మన పెద్దావిడ. ఇంగ్లిష్ రాదని మొదట ఫోన్ పెట్టేసింది. నేను తెలుగులో "అమ్మా, సోమవారం పొద్దున టిఫిన్ ఏం తిన్నారు?" అని మళ్లీ అడిగితే, రోజు రోజుకూ, పూట పూటకూ, ఉప్మాలో జీడిపప్పు దగ్గర్నుంచి చెప్పింది. గంట పట్టింది. నా సూపర్‌వైజర్ ఆ ఫారం తిప్పి తిప్పి చూసింది, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. జీతం వచ్చే ప్రాక్టికమ్ అయితే మాత్రం ఈఏడీ లేకుండా ఒప్పుకోకండి. జీతం లేనిదైనా ముందు కాలేజీనీ, లాయర్‌నూ అడగండి.

వచ్చే ఆగస్టుకు చేరాలనుకుంటే మార్కుల లిస్టుల పని ఇప్పుడే మొదలుపెట్టండి. వాటిని ఇక్కడి ఎవాల్యుయేషన్ సంస్థకు (మన చదువు అమెరికా చదువులో దేనికి సమానమో తేల్చేది) సాధారణంగా యూనివర్సిటీ నుంచి సీల్ వేసిన కవరులో పంపించాలి. ఇంట్లో ఎవరైనా విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి రెండు మూడు సార్లు తిరగాల్సి రావచ్చు. 2022లో దాని పేరు ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మార్చి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ చేశారు. మీ సర్టిఫికెట్ మీద ఏ పేరుందో అదే ఫారంలో రాసి, ఈ పేరు మార్పు సంగతి ఒక లైనులో కింద రాయండి.