కొంగ ముందు పళ్లెం

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. టీమ్ లీడ్ అయ్యావు, కొత్తగా ఆరుగురిని ఉద్యోగంలోకి తీసుకోవాలి. ఒకరేమో ఈక్విటీ, అంటే ఎవరికి ఏం అడ్డుందో చూసి అందరికీ నిజమైన అవకాశం ఇవ్వడం, చూడమంటున్నారు, ఇంకొకరు అందరినీ ఒకేలా చూడకపోతే కేసు పడుతుందని భయపెడుతున్నారు. "రెండూ ఒకటే కదా పెదనాన్నా, ఎందుకీ టెన్షన్?" అన్నావు. ఫోన్‌లో తేలే మాట కాదని రాస్తున్నాను.

నానమ్మ చెప్పిన నక్క, కొంగ కథ గుర్తుందా? నక్క భోజనానికి పిలిచి పల్చటి పళ్లెంలో పాయసం పోస్తుంది. ఇద్దరికీ అదే పాయసం, అదే పళ్లెం. కొంగ మాత్రం ఆకలితోనే ఇంటికి పోతుంది. అమెరికా సుప్రీంకోర్టు 1971లో ఇచ్చిన ఒక తీర్పులో ఆ నక్క, కొంగ కనిపించేసరికి భలే ఆశ్చర్యం వేసింది నాకు. అక్కడ పాయసం బదులు పాలు, అంతే తేడా.

అది గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసు. నార్త్ కరోలినాలో ఒక కరెంటు ప్లాంటు, 95 మంది పనివాళ్లు. అందులో నల్లజాతివాళ్లు 14 మంది. వాళ్లని లేబర్ విభాగంలో తప్ప ఎక్కడా పెట్టేవాళ్లు కాదు. అక్కడి పెద్ద జీతం కూడా మిగతా విభాగాల్లోని చిన్న జీతం కంటే తక్కువే. ఉద్యోగాల్లో రంగు చూడకూడదన్న చట్టం 1965 జూలై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజే కంపెనీ కొత్త రూలు పెట్టింది: మంచి విభాగంలో కొత్తగా చేరాలంటే హైస్కూల్ పట్టాతో పాటు రెండు రాత పరీక్షలు కూడా పాసవ్వాలి. రూలు అందరికీ ఒకటే! కానీ 1960 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో హైస్కూల్ పూర్తిచేసిన తెల్లజాతి మగవాళ్లు 34 శాతం, నల్లజాతి మగవాళ్లు 12 శాతం. పైగా ఆ పట్టా లేకుండా అంతకుముందే చేరిన తెల్లవాళ్లు పని చక్కగానే చేస్తున్నారు. 13 మంది కోర్టుకెక్కి గెలిచారు. పనికి అక్కరలేని వడపోత కొందరినే బయట ఉంచుతుంటే, పెట్టినవాడి ఉద్దేశం మంచిదైనా సరే, చెల్లదని న్యాయమూర్తులంతా ఒకే మాట చెప్పారు.

నువ్వు చూడాల్సింది ఆ వడపోతనే. రంగు చూసి ఒకరికి మార్కులు కలపడం, ఒకరికి కొయ్యడం చెయ్యకు. అది తెల్లవాళ్లకి జరిగినా చట్టం ఒప్పుకోదు. ఎక్కువమంది ఉన్న వర్గానికీ చట్టం ఒకటేనని 2025లో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. నీ ప్రకటనలో "డిగ్రీ తప్పనిసరి" అని ఉందే, ఆ పనికి నిజంగా డిగ్రీ కావాలా? లేకపోతే కొట్టెయ్. రెజ్యూమేలు తెరవకముందే ప్రశ్నలు రాసిపెట్టుకో, అందరినీ అవే అడుగు. చెయ్యబోయే పనిలోంచే ఒక చిన్న ముక్క ఇచ్చి చేయించు.

మొదటి వడపోతలో పేర్లు దాచు. మన పక్క తమిళనాడులో పుట్టిన ఆర్థికవేత్త సెంధిల్ ముల్లైనాథన్, ఇంకొకావిడ కలిసి బోస్టన్, షికాగోల్లో దాదాపు 5000 దొంగ రెజ్యూమేలు పంపి చూశారు. నల్లజాతివాళ్ల పేర్లలా వినిపించే పేర్లున్న వాటికంటే తెల్లవాళ్ల పేర్లలా వినిపించే పేర్లున్న వాటికి 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. 2004లో అచ్చయిన పరిశోధన అది.

ఇక నా సంగతి. అమెరికా వచ్చిన కొత్తలో ఒక కంపెనీ నా యాస అర్థం కాలేదని ఫోన్ ఇంటర్వ్యూ మధ్యలోనే ఆపేసింది. రోజంతా తలొంచుకుని సర్క్యూట్లు గీసే పనికి యాసతో ఏం పని? ఏళ్ల తరబడి ఆ కోపం మోశాను. తీరా నేను మేనేజరయ్యాక ఏం చేశానో తెలుసా? ఖాళీ వచ్చిన ప్రతిసారీ మనవాళ్లనే అడిగాను. వాళ్ల తమ్ముడు, వాళ్ల క్లాస్‌మేట్. మూడేళ్లకి లంచ్ టేబుల్ దగ్గర అంతా తెలుగే. చైనా నుంచి వచ్చిన ఒకాయన పక్క టేబుల్‌కి మారిపోయాడు, నేను గమనించనైనా లేదు. రెఫరల్, అంటే తెలిసినవాళ్ల ద్వారా తీసుకోవడం, తప్పు కాదు, అదొక్కటే దారి కావడం తప్పు. ప్రకటన నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా చదివే కాలేజీలకీ, కమ్యూనిటీ కాలేజీలకీ కూడా పంపు.

మన పార్టీల్లో ఎవరో ఒకరు "మెరిట్ ఉంటే చాలు" అంటారు, వింటూనే ఉంటావు. 1946 నాటి అమెరికా వలస చట్టం మన దేశం నుంచి వచ్చేవాళ్లకి ఏడాదికి 100 మంది అని గీత గీసింది. 1965 వలస చట్టం వచ్చాకే ఆ తలుపు బాగా తెరుచుకుంది. అంతకుముందు మనకి మెరిట్ లేకనా? ఈ మాట అక్కడే అంటే బిర్యానీ చల్లారిపోతుందనుకో.

తీసుకున్నాక కూడా ఒక కన్నేసి ఉంచు. కొత్త ప్రాజెక్టు ఎవరికి పోతోంది, మీటింగ్ నోట్స్ ఎప్పుడూ ఎవరు రాస్తున్నారు అని ఒక నెల లెక్క రాసి చూడు.

ప్రశ్నలు రాశాక ఆదివారంలోపు నాకు పంపు. యాస మీద ఒక్క ప్రశ్న కనబడినా ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను.

నీ పెదనాన్న