ఐదడుగుల డైనింగ్ టేబుల్‌పై 19వ శతాబ్దపు బొమ్మల యుద్ధం: ఏ రూల్స్ తీసుకోవాలి?

హైదరాబాద్ ఫ్లాట్‌లో 5×3 అడుగుల డైనింగ్ టేబుల్, 28 మి.మీ. సైనికుల బొమ్మలు 72. వీటికి ఏ రూల్స్ నప్పుతాయన్నది ప్రశ్న. ముందు తెరవాల్సింది పుస్తకం కాదు, టేపు.

'బ్లాక్ పౌడర్' అనే రూల్స్ పుస్తకం ప్రకారం పదాతిదళం ఒక్కో కదలికకు 12 అంగుళాలు నడుస్తుంది. పాచికలు కలిసొస్తే ఒకే వంతులో మూడు కదలికలు, అంటే 36 అంగుళాలు. మీ టేబుల్ వెడల్పే అంత! అంగుళాల బదులు సెంటీమీటర్లు పెట్టుకుంటే ఇంకో తంటా: 20 మి.మీ. బేసులపై (బొమ్మ కింద ఉండే చిన్న పీటలపై) 24 మంది రెండు వరుసల్లో నిలబడితే ముందు వరుసే 24 సెం.మీ., తుపాకీ గుండు మాత్రం 18 సెం.మీ. దాటదు. చూడ్డానికే నవ్వొస్తుంది. కొలతలన్నీ మూడింట రెండొంతులకు తగ్గించి (12కి 8, 18కి 12), పన్నెండేసి మందితో ఆరు దళాలు కట్టండి.

1857 జులై 17న కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీపై తుర్రేబాజ్ ఖాన్ చేసిన దాడి లాంటి చిన్న పోరుకైతే, దెబ్బతిన్న బొమ్మను ఒక్కొక్కటిగా తీసేసే పాతకాలపు రూల్సే హాయి. అందుకే నలుగురిని ఒకే బేసుకు అంటించొద్దు. తర్వాత విడదీస్తే కాళ్లు విరుగుతాయి. విడి బేసుల కింద మాగ్నెట్ షీటు, దళాన్ని ఒకేసారి జరిపే ట్రేకి పలుచని ఇనుప రేకు చాలు.

ఆటలో దళాల పరిస్థితిని చూపే గుర్తులకు కాగితం ముక్కలు వద్దు, ఫ్యాను గాలికి లేచిపోతాయి. చొక్కా గుండీలు వాడండి.