ఈక్వలైజర్ పెంచితే గరగర!

ప్రశ్న: సెగా మెగా డ్రైవ్ (పాత వీడియో గేమ్ యంత్రం) మొదటి మోడల్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపాను. ఈక్వలైజర్‌లో బాస్, ట్రెబుల్ పెంచితే గరగర, బుస్సుమనే చప్పుడు. ఏం చెయ్యాలె?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు వైరు మార్చండి. ఈ మోడల్‌లో వెనక ఏవీ (టీవీకి బొమ్మ, శబ్దం పంపే) సాకెట్ మోనోనే, అంటే రెండు స్పీకర్లకూ ఒకే శబ్దమే, ఇస్తుంది. స్టీరియో (కుడి, ఎడమ వేర్వేరుగా) కావాలంటే ముందున్న హెడ్‌ఫోన్ జాకే దిక్కు. 3.5 ఎంఎం నుంచి రెండు ఆర్‌సీఏ పిన్నులుండే (ఆంప్లిఫయర్‌కు గుచ్చే ఎరుపు, తెలుపు పిన్నులు) వైరు చాలు. పక్కనున్న వాల్యూమ్ మీటను ముప్పావు దాకా జరపండి. జరిపేటప్పుడు టపటపమంటే లోపల దుమ్ము చేరినట్టే. కరెంటు తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పదిసార్లు అటూ ఇటూ ఆడించండి.

ఈక్వలైజర్ మీటలన్నీ సున్నాలో పెట్టి, పెంచడం మాని తగ్గిస్తూ వినండి. 250 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ దించితే మొద్దుదనం తగ్గుతుంది. 8 కిలోహెర్ట్జ్ పైన 2-3 దించితే బుస్సు సద్దుమణుగుతుంది. బాస్ పెంచక తప్పదంటే ఆంప్ వాల్యూమ్ ఆ మేరకు తగ్గించాల్సిందే. గుయ్యిమనే హమ్మింగ్ మాత్రం ఈక్వలైజర్‌తో పోదు, బాసే పోతుంది. అడాప్టర్ మార్చి చూడండి.