బుల్లెట్ నుంచి స్ప్లెండర్‌కు మారితే ముందు దించాల్సింది భుజాలు

ప్రశ్న: "చాలా ఏళ్ళు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 (మనవాళ్ళు దాన్నీ బుల్లెట్టే అంటారు) నడిపాను. బెంగళూరు ట్రాఫిక్‌లో దాన్ని మోయలేక స్ప్లెండర్ తీసుకున్నాను. బండి ఊగుతున్నట్టు, ఎక్కడ జారుతుందో అన్నట్టు ఉంటోంది. అలవాటు కావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

అది మీ భుజాలు ఎప్పుడు కిందికి దిగుతాయన్న దాన్ని బట్టి ఉంటుందండీ. నడుపుతూ ఉంటే అదే వస్తుందని చాలామంది చెబుతారు. రాదు. భుజాలు చెవుల దాకా ఎత్తుకుని, హ్యాండిల్‌ను పిసుకుతూ ఏళ్ళ తరబడి తేలిక బండి నడిపేవాళ్ళను సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర రోజూ చూస్తున్నాను.

నేనూ మీలాగే మారినవాణ్ణి. మాది హిందూపురం. బెంగళూరుకు వచ్చాక మారతహళ్ళిలో అద్దెకున్నాం. సెల్లార్‌లో బండికి రెండు వైపులా ఆనుకుని స్కూటర్లు, బయటికి రావాలంటే ఏటవాలు ర్యాంపు, వెనక్కి లాగాల్సింది 195 కిలోల బండి. మోకాలి నొప్పి మొదలయ్యాక ఆ లాగుడు నావల్ల కాలేదు. స్ప్లెండర్ 112 కిలోలు. అంటే 83 కిలోలు, ఒక నిండు మనిషంత బరువు, దిగిపోయింది. "ఇంతకాలం బుల్లెట్ నడిపి ఇప్పుడు పాలబండా?" అన్న బంధువులు ఉన్నారు. వాళ్ళెవరూ ఒక్కరోజైనా ఆ ర్యాంపు మీద బండి తోసినవాళ్ళు కారు. బండిని బట్టి మనిషికి గౌరవమిచ్చే ఈ అలవాటు మనవాళ్ళలో ఎప్పుడు పోతుందో!

అసలు సంగతికొస్తాను. మీ బండి ఊగడం లేదు, మీ చేతులు చెప్పిందల్లా వింటోంది. క్లాసిక్ ముందు టైరు వెడల్పు 100 మిల్లీమీటర్లు, వెనకది 120. స్ప్లెండర్‌కు రెండూ 80. పైగా బరువు తక్కువ. మీ మణికట్టు కాస్త వణికినా, పక్కకు చూస్తూ ఒక భుజం వంచినా బరువు బండి పట్టించుకోదు, తేలిక బండి ప్రతిదానికీ కదులుతుంది. ఆ కదలికకు భయపడి మనం ఇంకా బిగబడతాం, దాంతో అది ఇంకా ఎక్కువగా కదులుతుంది.

ఇది నాకు అర్థమయ్యేట్టు చెప్పింది కే.ఆర్.పురంలో ఒక మెకానిక్. మదనపల్లె వైపు కుర్రాడు. నాది సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఒకసారి అంతా చూడమని తీసుకెళ్ళాను. డబుల్ స్టాండ్ వేసి, వెనక సీటు మీద చేత్తో నొక్కిపట్టి ముందు చక్రం పైకి లేపాడు. హ్యాండిల్‌ను రెండు వేళ్ళతో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు. మధ్యలో ఎక్కడా పట్టేయలేదు. "కోన్ సెట్టు, అదే హ్యాండిలు తిరిగే బేరింగు, బాగుందన్నా, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు సీదాగా ఉంది. పద, నువ్వు నడుపు, నేను ఎనక కూర్చుంటా" అన్నాడు.

వేలాడే వంతెన దాటి టిన్ ఫ్యాక్టరీ వైపు పోతున్నాం. అక్కడ రోడ్డు సంగతి తెలిసిందే, అతుకు మీద అతుకు. వెనక నుంచి నా మోచేతుల కింద రెండు అరచేతులూ పెట్టి పైకి ఎత్తినట్టు చేశాడు. "చేతుల బరువు నా మీద వెయ్యన్నా. హ్యాండిలు ఇడిచిపెట్టమన్లే, పిసకొద్దంటున్నా. మోకాళ్ళతో ట్యాంకును పట్టుకో." అలాగే చేశాను. గుంతలు వచ్చినప్పుడు హ్యాండిల్ నా అరచేతుల్లో అటూ ఇటూ చిన్నగా కొట్టుకుంటోంది, బండి మాత్రం గీత గీసినట్టు నేరుగా పోతోంది. "చూడు, చక్రానికి దాని దోవ దానికి తెలుసు" అన్నాడు. నిజమే. ముందు ఫోర్కును వాల్చి బిగించేదే అందుకు. కదిలే బండిలో ముందు చక్రం తనంతట తానే నేరుగా సర్దుకుంటుంది. బిగుసుకున్న చేతులు ఆ సర్దుబాటుకే అడ్డుపడతాయి. యూట్యూబ్‌లో ఇంజిన్ శబ్దం గురించి అరగంట మాట్లాడే రివ్యూల్లో ఈ ఒక్క ముక్క చెప్పేవాడు నాకైతే కనబడలేదు.

మలుపుల దగ్గరా ఇదే. కాస్త వేగంలో ఉన్నప్పుడు ఎడమకు తిరగాలంటే ఎడమ గ్రిప్పును కొంచెం ముందుకు నొక్కుతాం, బండి ఎడమకు వాలుతుంది. అందరూ తెలియకుండానే చేసే పని ఇది. క్లాసిక్‌కు చేసినంత బలంతో స్ప్లెండర్‌ను నొక్కితే అనుకున్నదానికన్నా ముందే పడిపోయినట్టు వాలుతుంది. జారుతుందేమో అనిపిస్తోందని రాశారే, చాలావరకు అదే అయి ఉంటుంది. వేలి ఒత్తిడి చాలు. చూపు చక్రం ముందు కాకుండా మలుపు అవతల పెట్టండి.

బ్రేకు దగ్గర మాత్రం జాగ్రత్త. బుల్లెట్ మనుషులకు కుడికాలితో తొక్కేసే అలవాటుంటుంది. మీ క్లాసిక్‌కు రెండు చక్రాలకూ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉంటే ఆ తొక్కుడును అది సర్దేసి ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్ళకు ఏబీఎస్, అంతకులోపు వాటికి సీబీఎస్ ఉంటే చాలన్నారు. సీబీఎస్ అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుదీ కొంత పడుతుంది, అంతే. చక్రం బిగుసుకుపోవడాన్ని అది అడ్డుకోదు. వానలో, ఆ సన్నటి వెనక టైరు మీద, తొక్కితే పక్కకు ఈడ్చుకుపోతుంది. ముందు బ్రేకును రెండు వేళ్ళతో మెల్లగా మొదలుపెట్టి పెంచడం ఖాళీ రోడ్డు మీద సాధన చేయండి. ఈ ఊళ్ళో ఇది మరీ అవసరం, ఎందుకంటే హంపులకు తెల్ల గీతలుండవు. రాత్రికి రాత్రి వేసి పోతారు, పొద్దున మన నడుము కనిపెట్టాలి.

గాలి మాట కూడా చెప్పాలి. జూన్, జూలైల్లో పడమటి గాలి ఉన్నప్పుడు హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కితే తెలుస్తుంది. లారీ పక్కన ఉన్నంతసేపు గాలి ఆగిపోతుంది, లారీ దాటగానే ఒక్క తోపు. చేతులు వదులుగా ఉంటే బండి కొంచెం వాలి మళ్ళీ నిలబడుతుంది. పక్కన ఆ జానెడు జాగా ముందే ఉంచుకోండి. లారీకి, గోడకు మధ్య దూరకండి. దాటేటప్పుడు గేరు దించండి. క్లాసిక్ 27 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే ఇంజిన్ తిప్పే బలంతో, ఏ గేరులోనైనా లాగుతుంది, స్ప్లెండర్‌కు ఉన్నది 8. పై గేరులో యాక్సిలేటర్ తిప్పితే లారీ పక్కనే ఉండిపోతారు.

ఇక పెట్రోల్ బంకుల్లో గాలి పట్టే కుర్రాళ్ళు. అన్ని బళ్ళకూ ఒకటే అంకె పెట్టేస్తారు. సన్నటి టైరులో గాలి ఎక్కువైతే ప్రతి రాయికీ బండి ఎగురుతుంది, మీరేమో బండి తేలిక కాబట్టి అనుకుంటారు. మీ బండి పుస్తకంలో ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని వేరువేరుగా ఉంటుంది, అది చెప్పి పట్టించుకోండి.

ఆ ఇద్దరి సంగతే చివరగా. 70 కిలోల మనిషి వెనక కూర్చుంటే క్లాసిక్ బరువులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, స్ప్లెండర్ బరువులో సగానికి మించి. అంటే వెనక మనిషి కదిలితే బండి కదిలినట్టే. మా ఆవిడ చీర కట్టుకుని ఒకవైపుగా కూర్చున్నప్పుడు మొదట్లో బండి ఎడమకు లాగేది. ఇప్పుడు తను నడుముకు దగ్గరగా జరిగి కూర్చుంటుంది, బ్రేకు వేసే ముందు నేను ఒక మాట చెబుతాను. మీరు మాత్రం చేతులు వదులయ్యేవరకు ఒక్కరే నడపండి. ఆదివారం పొద్దున్నే అవుటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు ఖాళీగా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. తర్వాత ఇంట్లోవాళ్ళను ఎక్కించుకోండి, వాళ్ళకూ హెల్మెట్ పెట్టించండి.