టెక్ సందేహాలు: చూడని కాలేజీ ఆటల ఛానళ్లకు చందా కట్టాలా?

ప్రశ్న: మేము ఫ్రిస్కోలో ఉంటాం. ఇంటర్నెట్ ద్వారా టీవీ ఛానళ్లు ఇచ్చే యూట్యూబ్ టీవీకి నెలకు 82.99 డాలర్లు, ఆపైన పన్ను కడుతున్నాం. అందులో ఎస్ఈసీ నెట్‌వర్క్, ఏసీసీ నెట్‌వర్క్, బిగ్ టెన్ నెట్‌వర్క్ అని మూడు కాలేజీ ఆటల ఛానళ్లు ఉన్నాయి. మా ఇంట్లో వార్తలు, విల్లోలో క్రికెట్ తప్ప మరేమీ చూడం. మా అమ్మాయి ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో చేరాక మాత్రం సీజన్‌లో నెలకు ఒకటో రెండో ఫుట్‌బాల్ ఆటలు చూస్తున్నాం. ఈ మూడు ఛానళ్లనూ తీయించేస్తే బిల్లు తగ్గుతుందా? అసలు వీటికి మేమెందుకు కట్టాలి? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: బిల్లు ఒక్క సెంటు కూడా తగ్గదు. సెట్టింగ్స్‌లో ‘లైవ్ గైడ్’ తెరిచి, ఛానల్ పేరు పక్కనున్న టిక్కు తీసేస్తే అది మీ జాబితాలో కనిపించడం మానేస్తుంది, అంతే. లెక్కల్లో మీరు ఇంకా ఆ ఛానల్ చందాదారులే. ఫుల్ మీల్స్ టికెట్టు కొన్నవారు పెరుగు వద్దన్నంత మాత్రాన హోటలువారు డబ్బు వెనక్కి ఇవ్వరు కదా, ఇదీ అలాంటిదే.

దీని వెనుకనున్న ఏర్పాటు ఏమిటంటే, డిస్నీ వంటి సంస్థ తన ఛానళ్లను చాలావరకు ఒకే ఒప్పందం కింద యూట్యూబ్ టీవీ వంటి పంపిణీ కంపెనీకి ఇస్తుంది. ప్రతి ఛానల్‌కూ నెలకు తలకింత అని రుసుము ఉంటుంది. ఆ లెక్కలోకి వచ్చేది ఛానల్‌ను చూసేవారు మాత్రమే కాదు, ఆ ప్యాకేజీ తీసుకున్న చందాదారులందరూ వస్తారు. ఫలానా ఛానల్‌ను చందాదారులలో అత్యధికులకు అందించి తీరాలన్న షరతు కూడా ఇలాంటి ఒప్పందాల్లో సాధారణమే. అందువల్ల పంపిణీ కంపెనీ తలచుకున్నా ఒక్క ఛానల్‌ను విడదీసి మీకు తగ్గించి ఇవ్వలేదు. 2025 అక్టోబరు 30న డిస్నీతో యూట్యూబ్ టీవీ ఒప్పందం గడువు ముగిసినప్పుడు డిస్నీవే అయిన క్రీడల ఛానల్ ఈఎస్‌పీఎన్, ఏబీసీలతో పాటు ఎస్ఈసీ, ఏసీసీ నెట్‌వర్కులు కూడా తెర మీద నుంచి మాయమయ్యాయి. నవంబరు 14న రాజీ కుదిరాక అన్నీ కలిసే తిరిగి వచ్చాయి. మధ్యలో యూట్యూబ్ టీవీ చందాదారులకు 20 డాలర్ల క్రెడిట్ ఇచ్చింది.

ఇక మీ రెండో ప్రశ్న అసలైనది. కొన్ని విశ్వవిద్యాలయాల జట్లు కలిసి ఆడుకునే కూటమిని అక్కడ కాన్ఫరెన్స్ అంటారు. అలాంటి ఒక కాన్ఫరెన్స్ కోసమే నడిచే ఛానల్‌కు ఆ ఆటలతో సంబంధం లేని ఇల్లు కూడా చెల్లించాలా అన్న వివాదం కొత్తది కాదు. 2007 ఆగస్టు 30న బిగ్ టెన్ నెట్‌వర్క్ ప్రారంభమైనప్పుడు, తన విశ్వవిద్యాలయాలున్న రాష్ట్రాల్లో ప్రతి చందాదారుడికీ నెలకు డాలరు పైచిలుకు, మిగతా చోట్ల పది సెంట్ల చొప్పున అడిగింది. పెద్ద కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్ ఒప్పుకోలేదు. దీన్ని కోరుకున్నవారు మాత్రమే అదనంగా కట్టే క్రీడల ప్యాక్‌లో పెడతానని పట్టుబట్టింది. ఇండియానా బాస్కెట్‌బాల్ అభిమానికి ఐయోవా వాలీబాల్‌తో పనేమిటని ఎదురు ప్రశ్న వేసింది. ఆ తగాదా నడుస్తుండగానే, ఛానల్ మొదలైన మూడో రోజున, దేశంలో ఐదో ర్యాంకులో ఉన్న మిషిగన్ సొంత మైదానంలో అప్పలాచియన్ స్టేట్ అనే దిగువ శ్రేణి జట్టు చేతిలో 34-32 తేడాతో ఓడిపోయింది. కళాశాల ఫుట్‌బాల్ చరిత్రలో అతి పెద్ద సంచలనాల్లో ఒకటైన ఆ ఆట ప్రసారమైంది బిగ్ టెన్ నెట్‌వర్క్‌లోనే. కామ్‌కాస్ట్ ఇళ్లలో ఛానల్ లేదు. చివరికి 2008 జూన్‌లో ఇద్దరికీ ఒప్పందం కుదిరింది.

మీ అమ్మాయి చదువుతున్న విశ్వవిద్యాలయం కథ ఇంకా విచిత్రమైనది. టెక్సస్‌కు ఏకంగా సొంత ఛానలే ఉండేది. 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్లు ఇచ్చేలా ఒప్పందం చేసుకుని, ఈఎస్‌పీఎన్ 2011 ఆగస్టులో లాంగ్‌హార్న్ నెట్‌వర్క్‌ను ప్రారంభించింది. ఒకే విశ్వవిద్యాలయం జట్లతో ఇరవై నాలుగు గంటల ఛానల్ అంటే, ఏటా ఒకటి రెండు ఫుట్‌బాల్ ఆటలు పోను మిగిలిన సమయమంతా ఇతర క్రీడలతో, పాత ఆటలతో, చర్చా కార్యక్రమాలతో నింపవలసిందే. మొదట్లో పెద్ద కేబుల్ కంపెనీలు ముఖం చాటేశాయి; టైమ్ వార్నర్ కేబుల్ రెండేళ్ల తర్వాత గానీ తీసుకోలేదు. టెక్సస్ 2024 జులై 1న ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్‌లో చేరడానికి ముందే ఆ ఛానల్ మూతపడింది. 20 ఏళ్ల ఒప్పందం 13 ఏళ్లతో సరి.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఒక కాన్ఫరెన్స్‌కో, ఒక విశ్వవిద్యాలయానికో పరిమితమైన ఛానల్ ఖర్చు చూసేవారే భరించాలి. దీనికి ఎదురు వాదన ఉంది, అది తీసిపారేయదగినదీ కాదు. ఖర్చు లక్షల ఇళ్ల మీద పరుచుకున్నందువల్లనే తలకు డాలరుతో పని జరుగుతోందని, చూసేవారి మీదే వేస్తే ధర అనేక రెట్లు పెరుగుతుందని, అప్పుడు ఫుట్‌బాల్ తప్ప అమ్మాయిల వాలీబాల్, సాఫ్ట్‌బాల్, జిమ్నాస్టిక్స్ వంటివాటికి తెర మీద చోటు దొరకదని అంటారు. నాడు ఎగతాళికి గురైన వాలీబాల్ విషయమే తీసుకుంటే, బిగ్ టెన్‌కే చెందిన నెబ్రాస్కాలో 2023 ఆగస్టు 30న ఒక వాలీబాల్ పోటీకి 92,003 మంది హాజరయ్యారు. అయితే ఇంత ఆదరణ ఉన్న ఆటను అభిమానులు డబ్బు పెట్టి చూడరని అనుకోవడానికి కారణం ఏముంది? అమెరికాలోని తెలుగువారు క్రికెట్ కోసం విల్లోను ఏళ్ల తరబడి విడి చందాగానో, దక్షిణాసియా ప్యాక్‌లో భాగంగానో కొనుక్కుంటున్నారు. ఒహాయోలో మొక్కజొన్న పండించే రైతు మన క్రికెట్‌కు తలా ఒక డాలరు చెల్లించాలని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆయన ఏమనేవాడో ఊహించుకోవచ్చు.

అలాగని ఈ మూడు ఛానళ్లే మీ బిల్లును మోస్తున్నాయని అనుకోవద్దు. అసలు బరువు ఈఎస్‌పీఎన్‌ది, స్థానిక ప్రసార స్టేషన్లది, వృత్తి క్రీడల హక్కులది. యూట్యూబ్ టీవీ 2017లో 35 డాలర్లతో మొదలై 82.99కి చేరిందంటే అందులో కాలేజీ ఛానళ్ల వాటా చిన్నదే. కాబట్టి మీరు వేసుకోవలసిన ప్రశ్న, క్రీడలన్నీ కలిపిన ఈ పెద్ద ప్యాకేజీ మీకు కావాలా అన్నది. టెక్సస్ ప్రధాన ఆటలు ఎక్కువగా ఏబీసీలో, ఈఎస్‌పీఎన్‌లో వస్తాయి. ఏబీసీకి కిటికీ దగ్గర పెట్టే యాంటెనా చాలు, నెల చందా ఉండదు. ఈఎస్‌పీఎన్ 2025 ఆగస్టు 21 నుంచి నెలకు 29.99 డాలర్లకు నేరుగా ఇస్తున్న ‘అన్‌లిమిటెడ్’ చందాలో ఎస్ఈసీ, ఏసీసీ నెట్‌వర్కులు కూడా కలిసే ఉన్నాయి. సీజన్ ఉన్న మూడు నాలుగు నెలలకు దాన్ని తీసుకుని, జనవరిలో ఆపేసి, వార్తలకు వేరే చవక మార్గం చూసుకుంటే మీకు లాభం.

కొనే ముందు ఒక పని చేయండి. ఈఎస్‌పీఎన్ యాప్‌లో టెక్సస్ షెడ్యూలు తెరిస్తే, ప్రతి ఆట పక్కన అది ఏ ఛానల్‌లో వస్తుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ ‘ఎస్ఈసీఎన్’ అని ఉంటే అది ఛానల్. దాని వెంట కూడిక గుర్తు ఉంటే ఆ ఆట ఛానల్‌లో రాదు, యాప్‌లో మాత్రమే వస్తుంది. సెప్టెంబరు పేజీ ఒక్కటి చూస్తేనే మీకు ఎస్ఈసీ నెట్‌వర్క్ ఎంత అవసరమో తేలిపోతుంది.

ప్రశ్న: మేము ఎడిసన్‌లో కేబుల్ తీసుకుని పదిహేనేళ్లు దాటింది. న్యూజెర్సీలో మధ్య పశ్చిమ రాష్ట్రాల బిగ్ టెన్ ఛానల్‌ను సాధారణ ప్యాకేజీలో పెట్టడమెందుకు? బిల్లులో రీజనల్ స్పోర్ట్స్ ఫీజు అని ఉన్నది దీనికేనా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: మీ పక్కనే పిస్కాటవేలో స్టేడియం ఉన్న రట్గర్స్ 2014 జులై 1న బిగ్ టెన్‌లో చేరింది. అదే రోజున వాషింగ్టన్ శివార్లలోని మేరీలాండ్ కూడా చేరింది. రట్గర్స్ జట్టు బలాన్ని చూసి ఆహ్వానించారని ఎవరూ అనుకోలేదు. సభ్య విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతంలో ఛానల్‌కు ఎక్కువ రేటు, లేనిచోట తక్కువ రేటు అనే పద్ధతిలో, న్యూయార్క్ పరిసరాల్లోని లక్షల ఇళ్లు ఒక్క సంతకంతో తక్కువ రేటు నుంచి ఎక్కువ రేటులోకి వచ్చే వీలు కలిగింది. ఈ ఏర్పాటులో నాకు అన్నింటికన్నా అభ్యంతరకరంగా తోచేది ఇదే. మీ ఇంటి పిన్‌కోడును బట్టి మీరు అభిమాని అని తీర్మానించి రుసుము వేస్తున్నారు. మీరు ఒక్క ఆటైనా చూశారా అన్నది ఎవరికీ పట్టదు.

రీజనల్ స్పోర్ట్స్ ఫీజు మాత్రం దీనికి కాదు. అది స్థానిక వృత్తి జట్ల బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ ఆటలు చూపే ప్రాంతీయ ఛానళ్ల కోసం వేసేది. సాధారణంగా అది ప్యాకేజీకి అంటుకుని ఉంటుంది గనుక, దాన్ని ఒక్కదాన్నే తీయమంటే తీయరు. ఆ ఛానళ్లు లేని కింది ప్యాకేజీకి మారితే పోతుంది. కేబుల్, శాటిలైట్ కంపెనీలు ఇలాంటి ప్రసార రుసుములన్నీ కలిపిన మొత్తం ధరను ప్రకటనల్లోనూ బిల్లుల్లోనూ చూపాలని అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2024 మార్చిలో నిబంధన చేసింది. ఫోన్ చేసినప్పుడు ఆ మొత్తం అంకెనే అడగండి.

ప్రశ్న: మాకు ఇక్కడ ఛానళ్లను ఒక్కొక్కటిగా ఎంచుకునే వీలుంది. అమెరికాలోని మా అబ్బాయికి లేదట. అంత పెద్ద దేశంలో ఎందుకు కుదరలేదు? (హైదరాబాద్)

జవాబు: మన దగ్గర 2019 ఫిబ్రవరి నుంచి అమలైన విధానంలో, ప్రతి పే ఛానల్‌నూ విడిగా కొనుక్కునే వీలు కల్పించాలని, దానికి గరిష్ఠ ధర ప్రకటించాలని మన నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టింది. అమెరికాలో అలాంటి నిబంధన లేదు. ఛానల్ యజమానులు, పంపిణీ కంపెనీలు కుదుర్చుకున్నదే ధర. ఎఫ్‌సీసీ అధ్యయనమైతే చేసింది. విడిగా అమ్మితే అధిక శాతం ఇళ్లకు బిల్లు పెరుగుతుందని 2004 నివేదికలో చెప్పి, 2006లో ఆ లెక్కల్లో తప్పులున్నాయని, వినియోగదారులకు మేలు జరగవచ్చని మరో నివేదిక ఇచ్చింది. 2013లో విడి అమ్మకం కోసం సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ తెచ్చిన చట్ట ప్రతిపాదన కూడా ముందుకు సాగలేదు. అయితే విడి అమ్మకమే సర్వరోగ నివారిణి అనుకోకండి. బొకేలో, అంటే కలిపి అమ్మే ఛానళ్ల కట్టలో చేర్చాలంటే ఛానల్ ధర 19 రూపాయలు దాటకూడదని ట్రాయ్ అంటే, పేరున్న ఛానళ్లు అనేకం సరిగ్గా ఆ 19 దగ్గరే స్థిరపడ్డాయి.

ప్రశ్న: యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చదివాను. పాత పాక్-12 కాన్ఫరెన్స్ ఛానల్ పోయింది, మా జట్టు బిగ్ టెన్‌లోకి మారింది. మా జట్టు ఆటలు తప్ప నాకు వేరే టీవీ అక్కర్లేదు. బిగ్ టెన్ ప్లస్ తీసుకుంటే సరిపోతుందా? (రెడ్‌మండ్, వాషింగ్టన్)

జవాబు: సరిపోదు, చాలామంది పొరబడేది ఇక్కడే. బిగ్ టెన్ ప్లస్ అనే విడి చందాలో టీవీలో రాని ఆటలే ప్రత్యక్షంగా వస్తాయి. బిగ్ టెన్ నెట్‌వర్క్‌లో ప్రసారమయ్యే ఆట అందులో రాదు. ఛానల్ మాత్రమే కావాలంటే 2025 ఆగస్టులో నెలకు 19.99 డాలర్లతో మొదలైన ఇంటర్నెట్ చందా ఫాక్స్ వన్ చూడండి; బిగ్ టెన్ నెట్‌వర్క్ అందులో భాగం. వాషింగ్టన్ పెద్ద ఆటలు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలలో పడినప్పుడు సియాటిల్ పరిసరాల్లో యాంటెనాతోనే వస్తాయి. యాంటెనా పెట్టాక టీవీ సెట్టింగ్స్‌లో ఛానల్ స్కాన్ చేయడం, దాన్ని పక్క కిటికీకి మార్చినప్పుడు మళ్లీ స్కాన్ చేయడం మరవకండి. కొన్ని ఆటలు పీకాక్ అనే ఇంటర్నెట్ చందాలో మాత్రమే ఉంటాయి, ఆ నెలకు దాన్ని తీసుకోండి.

పాత పాక్-12 నెట్‌వర్కులు 2012 ఆగస్టులో మొదలైనవి. పెద్ద మీడియా సంస్థకు వాటా ఇవ్వకుండా కాన్ఫరెన్స్ తానే సొంతంగా నడిపింది. ఒక జాతీయ ఛానల్, ఆరు ప్రాంతీయ ఛానళ్లు పెట్టినా డైరెక్‌టీవీతో చివరి వరకూ ఒప్పందం కుదరలేదు. పది విశ్వవిద్యాలయాలు వేరే కాన్ఫరెన్సులకు వెళ్లిపోతుండగా 2024 జూన్ 30న ఆ ఛానళ్లు ఆగిపోయాయి. మీ పాత యాప్ ఇంకా ఫోన్‌లో ఉంటే తీసేయవచ్చు. కొత్త చందాను మాత్రం వెబ్‌సైట్‌లో నేరుగా తీసుకోండి. ఫోన్ యాప్ స్టోర్ ద్వారా తీసుకుంటే రద్దు చేయడానికి మళ్లీ ఆ స్టోర్ ఖాతాలోకే వెళ్లాలి. యాప్‌ను తొలగించినంత మాత్రాన చందా ఆగదు, కార్డు మీద నెలనెలా డబ్బు పోతూనే ఉంటుంది.