ఎగుమతి వ్యాపారికి హంఫ్రీ ఫెలోషిప్ పనికొస్తుందా?

పన్నెండేళ్ళుగా సుగంధ ద్రవ్యాల ఎగుమతిలో ఉన్నాననీ, అంతర్జాతీయ వ్యవహారాల ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలని ఉందనీ, వ్యాపారికి అక్కడ ఏమి దొరుకుతుందనీ మీరు అడిగారు. గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేస్తూ, హ్యూబర్ట్ హంఫ్రీ ఫెలోషిప్ మీద ఒక విద్యా సంవత్సరం అమెరికాలో గడిపినవాడిగా నాకు తెలిసినంత చెబుతాను.

అమెరికా ఉపాధ్యక్షుడిగా పనిచేసిన హంఫ్రీ స్మారకంగా 1978లో మొదలైన ఈ కార్యక్రమం కనీసం ఐదేళ్ళ వృత్తి అనుభవం ఉన్నవారికి ఉద్దేశించినది. ఇందులో పట్టా ఇవ్వరు, ఏ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలో మనం ఎంచుకోలేము. పట్టా లేని చదువేమిటని మా బంధువులు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

నన్ను దరఖాస్తు వైపు నెట్టింది ఒక కంటైనర్. కల్లాల్లో వానకు తడిసిన కాయ కొంత మా సరుకులో కలిసిపోవడంతో, ఐరోపా రేవులో పరీక్షించినప్పుడు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం మొత్తం కిలోకు 14 మైక్రోగ్రాములని తేలి సరుకంతా వెనక్కి వచ్చింది. ఎండుమిర్చికి ఐరోపా సమాఖ్య విధించిన పరిమితి 10, అందులో బీ1 రకం 5కు మించకూడదు. అమెరికాలో ఆహార పదార్థాలపై చర్య తీసుకునే హద్దు 20. అంటే అదే కాయ న్యూయార్క్ రేవులో దిగి ఉంటే ఈ పరీక్షలో నెగ్గేది. ఒకే బూజు విషానికి రెండు హద్దులెందుకున్నాయి, వాటిని ఎవరు ఎలా నిర్ణయిస్తారు అన్నదాని చుట్టూనే నా దరఖాస్తు వ్యాసమంతా రాశాను. టర్నోవరుకు ఒక్క వాక్యమే కేటాయించాను. మీరూ అలాగే చేయండి.

నాతోటి ఫెలోలలో ఎక్కువమంది ప్రభుత్వాధికారులు. వారిలో ఒక ఆఫ్రికా దేశపు వాణిజ్య శాఖలో పనిచేసే ఆవిడ, 1995 జనవరి 1న అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ శానిటరీ, ఫైటోశానిటరీ (ఆహార భద్రత, జంతు, వృక్ష ఆరోగ్య) ఒప్పందాన్ని కాఫీ తాగుతూ నాకు విడమరిచి చెప్పారు: శాస్త్రీయ ఆధారం చూపగలిగితే ఏ దేశమైనా అంతర్జాతీయ ప్రమాణం కంటే కఠినమైన హద్దు పెట్టుకోవచ్చు, అయితే ముసాయిదాను ముందుగా సభ్యదేశాలకు తెలియజేసి, అభిప్రాయాలకు సాధారణంగా 60 రోజుల గడువు ఇవ్వాలి. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ గడువు ఒకటుందనే సంగతే నాకు తెలియదు. మన యార్డులో కొత్త నిబంధన సంగతి తెలిసేది సరుకు ఆగిన తరువాతే కదా! ఆరు వారాల వృత్తి శిక్షణలో భాగంగా వాషింగ్టన్‌లోని ఒక దిగుమతిదారుల సంఘంలో కూర్చున్నప్పుడు, వారు ఆ ముసాయిదాలను వాక్యం వాక్యం చదివి జవాబులు సిద్ధం చేయడం కళ్ళారా చూశాను. ఇప్పుడు ప్రతి సోమవారం, ఇలాంటి ముసాయిదాల ప్రకటనలు కనిపించే ఈపింగ్ వెబ్‌సైటులో మిర్చికి సంబంధించిన ప్రకటనలు చూసిన తరువాతే ఆర్డర్ల పని మొదలుపెడుతున్నాను.

నష్టమూ ఉంది. కార్యక్రమం ఆగస్టు ప్రాంతంలో మొదలై జూన్ వరకు సాగుతుంది కాబట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నడిచే మిర్చి సీజను మొత్తం నేను లేకుండానే గడిచింది. మా బావమరిది శక్తికొద్దీ చూసుకున్నా, ఇద్దరు పాత కొనుగోలుదారులు చేజారారు. ఈ ఫెలోషిప్ మీద వెళ్ళేవారికి ఇచ్చే జే1 వీసా నిబంధన ప్రకారం తిరిగివచ్చాక రెండేళ్ళు స్వదేశంలో ఉంటే తప్ప అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే హెచ్, ఎల్ వీసాలు గానీ శాశ్వత నివాసం గానీ దొరకవు. అక్కడ శాఖ తెరిచి మీరే వెళ్ళి కూర్చోవాలనే ఆలోచన ఉంటే ఇది ముందే లెక్కలో వేసుకోండి. కొత్త కొనుగోలుదారులు మాత్రమే కావాలనుకుంటే వాణిజ్య ప్రదర్శనకు వెళ్ళిరండి, ఖర్చూ కాలమూ రెండూ కలిసివస్తాయి.